ల్యాబు, స్కానింగ్ పరికరాల మరమ్మతు నిధి: జమా ఖర్చుల వివరణ

లెక్కల పుస్తకం, రసీదులు, మార్చిన పాత విడిభాగాలు కమిటీ దగ్గర ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఏ పద్దుకు ఎంత పోయిందో చప్పున తెలియడానికి ఇక్కడ మొత్తం జమను నూరు పాళ్లుగా లెక్కగట్టి చూపుతున్నాం.

జమ: సభ్యుల చందాలు 62 పాళ్లు, దాతల విరాళాలు 31, పాడైన యూపీఎస్ బ్యాటరీలను అమ్మగా వచ్చినది 7.

ఖర్చులో ముందు మా పొరపాటు చెప్పుకోవాలి. 11 పాళ్లు వృథా అయ్యాయి. రక్త పరీక్షలు చేసే బయోకెమిస్ట్రీ అనలైజర్‌లో ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష) కంట్రోల్ ఫలితాలు, అంటే విలువ ముందే తెలిసిన నమూనా ఫలితాలు, రోజురోజుకూ గాడి తప్పుతుంటే, రియేజెంట్లు (పరీక్షకు కలిపే రసాయనాలు) చెడిపోయాయనుకుని కొత్త కిట్లు తెప్పించాం. వాటితోనూ అదే వరస. అదే యంత్రంలో గ్లూకోజు మాత్రం సరిగ్గా వస్తోందని మా టెక్నీషియన్ గమనించాకే అసలు సంగతి బయటపడింది. యంత్రం తన హాలోజన్ దీపం కాంతితో ఎస్‌జీపీటీని చదివేది 340 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, మేం వాడే గ్లూకోజు పద్ధతిని చదివేది 505 దగ్గర. హాలోజన్ దీపం పాతబడితే ముందుగా నీరసించేది 340 వైపు ఉన్న, కంటికి కనబడని అతినీలలోహిత కాంతే. చూడ్డానికి మాత్రం దీపం తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, అందుకే దాని మీద అనుమానం రాలేదు.

దీపాల పద్దు 9 పాళ్లు. ఒకటి సరిపోయేచోట రెండు కొన్నాం. మొదటిదాన్ని ఒట్టి చేత్తో పట్టుకుని బిగించాం. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఉబ్బి, కొద్ది రోజులకే మాడిపోయింది. రెండోదానికి చేతి తొడుగులు వేసుకున్నాం. క్యాలిబ్రేషన్ (యంత్రం కొలతను సరిచూసి సర్దడం) చేసి, కంట్రోల్ హద్దుల్లోకి వచ్చాకే రోగుల నమూనాలు పెట్టాం.

అన్నిటికన్నా పెద్ద పద్దు అల్ట్రాసౌండ్ ప్రోబ్ (స్కానింగ్‌లో ఒంటికి ఆనించే భాగం), 46 పాళ్లు. తెర మీద పైనుంచి కిందికి నల్లటి చార పడేది. జెల్ ఎంత పూసినా పోలేదు. ప్రోబ్‌ను శుభ్రంగా తుడిచి, దాని ముఖం మీద పేపర్ క్లిప్పును మెల్లగా జరుపుతూ తెర చూశాం. క్లిప్పు వెంటే నడిచిన మెరుపు ఒకచోట ఆరిపోయి, అవతల మళ్లీ వెలిగింది. కేబుల్ వంచినప్పుడల్లా ఆ చీకటి వచ్చిపోతుండటంతో దోషం ప్రోబ్ లోపల ధ్వని తరంగాలు పుట్టించే స్ఫటికాలది కాదని, కేబుల్‌దేనని తేలింది. తడిమి చూస్తే ట్రాలీ చక్రం కింద నలిగిన చోటు వేళ్లకు తగిలింది. కొత్త ప్రోబే కొనాలన్న మాట వచ్చింది గానీ, కేబుల్ మార్పిస్తే సరిపోయింది. ఇప్పుడు ట్రాలీకి కేబుల్ తగిలించే కొక్కెం ఉంది. తీగముక్కతో చేసినది కనుక లెక్కలోకి రాదు.

యూపీఎస్ బ్యాటరీలకు 18, సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని వేగంగా తిప్పి వేరుచేసే యంత్రం) మోటారు కార్బన్ బ్రష్షులకు 4 పాళ్లు అయ్యాయి.

ఇంజనీరు రుసుము 5. ఎక్స్‌రే పడకపోవడానికి కారణం చేతి స్విచ్ తీగ లోపల తెగడమే, దాన్ని అతికినందుకు విడిగా ఏమీ తీసుకోలేదు. ఈ మాత్రానికి ఇంజనీరు ఎందుకు, ఎక్స్‌రే జనరేటర్ (ఎక్స్‌రేకు అధిక వోల్టేజీ ఇచ్చే పెట్టె) మూత మనమే తీసి చూస్తే పోలా అని ఒకరిద్దరు అడిగారు. కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. ఆ 5 పాళ్లు మిగుల్చుకోవాలన్న ఆశ మాకు లేదు.

నిల్వ 7 పాళ్లు. దీనితో హాలోజన్ దీపం ఒకటి కొని అదనంగా ఉంచాలని, అనలైజర్ దీపం వెలిగిన గంటలు ప్రతి నెలా పుస్తకంలో రాయాలని కమిటీ తీర్మానించింది.