పాత తెలుగు రికార్డులు, పాటల పుస్తకాల సేకరణ: వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సేకరణ పనిలో అన్నిటికంటే అక్కరకొచ్చింది మాట్రిక్స్ నంబరు, అంటే ఒక్కో రికార్డింగుకు కంపెనీ వేసే గుర్తు సంఖ్య. లేబుల్ మీద పల్లవిలోని మొదటి రెండు మాటలో, ఉత్త "పద్యము" అనో ఉంటుంది. ఒకే నాటక పద్యాన్ని ఎంతోమంది నటులు రికార్డు ఇచ్చారు కాబట్టి దాన్నిబట్టి ఏదీ తేలదు. లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య నున్నటి జాగాలో ఉండే మాట్రిక్స్ నంబరు మాత్రం ఆ ఒక్క రికార్డింగుదే. కంపెనీ వేరే కేటలాగు నంబరుతో మళ్లీ విడుదల చేసినా సాధారణంగా అదే కొనసాగుతుంది. టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే అరిగిన అంకెలు కూడా నీడతో తేలతాయి. రెండు వైపులా ఫోటో తీశాకే కడగండి.

కడగడానికి స్పిరిట్ వద్దే వద్దు. ఇవి లక్కతో చేసినవి, స్పిరిట్‌కు లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల మెత్తని సబ్బునీరు కలిపి, గాడి వెంట గుండ్రంగా బ్రష్ నడపాలి. లేబుల్ తడవకూడదు. ఎండలో పెడితే ప్లేటు వంగుతుంది, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి.

ఎల్పీ (తర్వాతి కాలపు వినైల్ రికార్డు) ముల్లుతో 78 ప్లేటు (నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ లక్క రికార్డు) వాయించవద్దు. ఈ గాడికి 3 మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు 1 మిల్లు లోపే ఉంటుంది కనుక గాడి అడుగున దుమ్ములో పాకి, పాటకంటే గరగరే ఎక్కువ వినిపిస్తుంది.

వేగం దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తున్నారు. సెకనుకు 50 సైకిళ్ల మన కరెంటు దీపం కింద 77 గీతల స్ట్రోబ్ చక్రం (వేగం సరిచూసే గీతల బిళ్ల) కదలకుండా కనిపిస్తే టర్న్‌టేబుల్ 78 మీద ఉన్నట్టే. కానీ తొలినాళ్ల రికార్డింగులన్నీ సరిగ్గా 78 మీద చేసినవి కావు. 6 శాతం తేడా వస్తే శ్రుతి దాదాపు అర మెట్టు (హార్మోనియంలో పక్క మీటకున్నంత తేడా) మారుతుంది, గాయకుడి గొంతే వేరొకరిదిలా ఉంటుంది. వెనక వినిపించే హార్మోనియం ఒక్కదాన్నీ నమ్మలేం, ఆనాటి పెట్టెల శ్రుతులు ఒకేలా ఉండవు. అదే గాయకుడివి, పక్కపక్క మాట్రిక్స్ నంబర్లున్న ప్లేట్లు కలిపి వింటే ఒక నిర్ణయానికి రావచ్చు. ముందు శబ్దంలో ఏ మార్పూ చేయకుండా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు దాచండి. గరగర తీసేది దాని నకలులోనే.

ఇక కాగితాల సంగతి. 1932లో "భక్త ప్రహ్లాద"తో మొదలైన టాకీల కాలంలో హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో కథాసంగ్రహం, నటవర్గం, సాహిత్యం ఉంటాయి, స్వరం ఉండదు. పుస్తకంలో ఉన్న పాట రికార్డుగా రాకపోవచ్చు. తెర మీద పాడినవారే ప్లేటు మీద పాడారనీ అనుకోవద్దు. తుప్పు పట్టిన పిన్నులు కాగితాన్ని తినేస్తాయి. పిన్ను కాళ్లు వెనకనుంచి నిఠారుగా లేపి తీయండి, ముందునుంచి లాగితే మధ్య పేజీ చిరిగి వస్తుంది. అట్ట అడుగున ప్రెస్సు పేరున్న వరుసను తప్పక ఫోటో తీయండి, ముద్రణ కాలం ఊహించడానికి తరచూ అదొక్కటే ఆధారం.

మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏటి తర్వాత 60 ఏళ్లు. సాహిత్యం, బాణీల హక్కు మాత్రం వాటి కర్త మరణించిన ఏటి తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. అందుకే ప్లేటుకు హక్కు తీరినా పాటకు తీరకపోవచ్చు. ప్రతి ఫైలు పక్కన ఈ రెండు లెక్కలూ విడివిడిగా రాస్తున్నాం.

వచ్చే ఏడు నాటకాల రికార్డు సెట్లు (ఒకే నాటకం కొన్ని ప్లేట్లుగా వచ్చినవి) చూస్తాం. నాలుగు ప్లేట్ల సెట్టులో రెండోది పోతే కథే తెగిపోతుంది. మీ ఇంట ఒంటరి ప్లేటు ఉన్నా చాలు, మాట్రిక్స్ నంబరు ఫోటో పంపండి.