గేటు మూస్తే గొడవ ఆగదు

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్ అభిమానుల గొడవలపై మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాఖ్య చివర ఒక సలహా ఇచ్చారు. బయటి నుంచి వచ్చే జట్టు అభిమానులకు అసలు టికెట్లే అమ్మకపోతే సరిపోతుందట. ప్రతి గొడవ తర్వాతా ఈ మాట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. దాన్ని నిజంగా అమలు చేసిన చోట ఏం జరిగిందో చూస్తే మాత్రం ఆ సలహా నిలబడదు.

అర్జెంటీనా 2013లో బయటి జట్టు అభిమానులపై నిషేధం పెట్టి ఏళ్ల తరబడి కొనసాగించింది. దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ కోపా లిబర్తదోరెస్ 2018 ఫైనల్ రెండు మ్యాచ్‌లుగా పెట్టారు. అందులో అక్కడి క్లబ్బులే అయిన రివర్ ప్లేట్, బోకా జూనియర్స్ తలపడినప్పుడు కూడా ప్రత్యర్థి అభిమానులకు ప్రవేశం లేదు. అయినా నవంబరు 24న రెండో మ్యాచ్‌కు వస్తున్న బోకా బస్సు మీద రాళ్లు పడ్డాయి, అద్దాలు పగిలాయి, ఆటగాళ్లకు దెబ్బలు తగిలాయి. చివరికి డిసెంబరు 9న ఆ మ్యాచ్‌ను మాడ్రిడ్‌లో ఆడించారు. అక్కడ రెండు జట్ల వాళ్లకూ టికెట్లు ఇచ్చి, ఎవరి వైపు వాళ్లను కూర్చోబెట్టారు. ఆట సజావుగా ముగిసింది.

ఇండోనేషియాలోని కంజురుహాన్ మైదానం సంగతి ఇంకా ఘోరం. 2022 అక్టోబరు 1న అరేమా, పెర్సెబాయా మ్యాచ్‌కు పెర్సెబాయా అభిమానులను రానివ్వలేదు. సొంత జట్టు ఓడిపోయిందని అరేమా అభిమానులు కొందరు మైదానంలోకి దిగితే పోలీసులు గ్యాలరీల మీదికి బాష్పవాయువు వదిలారు. కళ్లు మండి, ఊపిరాడక జనమంతా ఒక్కసారిగా ఇరుకు ద్వారాల వైపు పరిగెత్తారు. 135 మంది చనిపోయారు. మైదానాల్లో బాష్పవాయువు వాడకూడదని ఫిఫా భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. ప్రత్యర్థి అభిమాని లేని చోట ఇంతమంది పోయారంటే లోపం ఎక్కడుందో వెతకాల్సింది ఇంకో చోట.

హూలిగన్లు, అంటే కొట్లాట కోసమే వచ్చే అభిమానులు, లేరని ఎవరూ అనరు. 1985 మే 29న బ్రసెల్స్‌లోని హేసెల్ మైదానంలో ఇటలీ జట్టు యువెంటస్‌తో మ్యాచ్‌కు వచ్చిన ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్ అభిమానులు కొందరు పక్క గ్యాలరీ మీదికి దూకారు. వాళ్ల నుంచి తప్పించుకోబోయిన వాళ్ల మీద గోడ కూలింది. 39 మంది చనిపోయారు, ఎక్కువ మంది ఇటలీ వాళ్లు. ఇంగ్లండ్ క్లబ్బులను ఐదేళ్లు యూరప్ పోటీల నుంచి వెలివేశారు. ఆ శిక్ష న్యాయమే. కానీ ఆ పక్క గ్యాలరీ పేరు జడ్ బ్లాక్, తటస్థ ప్రేక్షకులకని చెప్పి అమ్మిన దాని టికెట్లు చాలావరకు యువెంటస్ అభిమానుల చేతికే చేరాయని, రెండు గుంపులకూ మధ్య ఉన్నది పలచటి తీగ కంచె మాత్రమేనని కూడా గుర్తు పెట్టుకోవాలి. దాడి చేసినవాడి నేరం దాడి చేసినవాడిదే. టికెట్లు అలా అమ్మినవాడు, ఆ కంచె చాలనుకున్నవాడు కూడా జవాబు చెప్పాలి.

ఇంకో సంగతి. మెడలో జట్టు కండువా వేసుకుని పాటలు పాడుతూ వచ్చేవాడు సాధారణంగా హూలిగన్ కాడు. ఇంగ్లండ్‌లో ముఠాల వాళ్లు 1980ల నాటికే జట్టు రంగులు వదిలేసి మామూలు ఖరీదైన దుస్తుల్లోకి మారిపోయారు. పోలీసులు కాపు కాసే రైలు ఎక్కరు, ముందు రైల్లో దిగుతారు. కొట్లాట కూడా మైదానానికి దూరంగా, ముందే అనుకున్న చోట పెట్టుకుంటారు. అలాంటివాడికి టికెట్ దొరకకపోతే పోయేదేమీ లేదు. దెబ్బ తినేది పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాడే. అందుకే అక్కడి చట్టం ఊరిని కాకుండా మనిషిని పట్టుకుంటుంది. కోర్టు ఒక వ్యక్తిపై 3 నుంచి 10 ఏళ్ల వరకు మ్యాచ్ నిషేధం విధించగలదు. విదేశంలో మ్యాచ్ ఉంటే అతను పాస్‌పోర్టు అప్పగించాలి. ఉత్తర్వు మీరితే 6 నెలల దాకా జైలు.

ఇప్పుడు అసలు విషయం, గేట్ల లెక్క. బ్రిటన్ మైదానాల భద్రతకు ప్రామాణికమైన గ్రీన్ గైడ్ ప్రకారం ఒక టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటు) గుండా గంటకు 660 మంది కంటే ఎక్కువ వెళ్తారని లెక్క వేయకూడదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో బయటి జట్టు అభిమానుల వాటా 3,000 టికెట్లు లేదా మైదానం సామర్థ్యంలో పది శాతం, ఏది తక్కువైతే అది. 3,000 మందికి 6 టర్న్‌స్టైళ్లు ఉన్నాయనుకోండి. అందరూ లోపలికి చేరడానికి 45 నిమిషాలు పైనే పడుతుంది. బస్సులను దారిలో ఆపి, ఆటకు అరగంట ముందు మాత్రమే గేటు దగ్గరికి తెస్తే 1,980 మంది లోపలికి వెళ్తారు. ఆట మొదలైన కేక వినబడే వేళకు ఇంకా వెయ్యి మందికి పైగా బయటే ఉంటారు. మనిషికి పది సెకన్లు తడిమి చూడడం కూడా కలిపి, ఒక్కో టర్న్‌స్టైల్ దగ్గర ఒక్కరినే పెడితే గంటకు 360 మందే వెళ్తారు. అప్పుడు ఆ 3,000 మందికి గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది. బయట నెట్టుకుంటున్నవాళ్లను చూసి ‘తాగి వచ్చిన మూక’ అనడం తేలిక. ఈ భాగహారం చేయడానికి కాగితం ముక్క చాలు.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో ఈ లెక్కే తప్పింది. లెప్పింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే 10,100 మందికి 7 టర్న్‌స్టైళ్లు పెట్టారు. గంటకు 660 చొప్పున చూసినా రెండు గంటలు చాలవు. బయట ఒత్తిడి భరించలేనంతగా పెరగడంతో 2 గంటల 52 నిమిషాలకు పోలీసులే సి గేటు తెరిపించారు. వచ్చినవాళ్లకు ఎదురుగా కనిపించిన సొరంగం నేరుగా మధ్య ఆవరణల్లోకి, అంటే నిలబడే చోటును కంచెలతో విడదీసిన గదుల్లాంటి భాగాల్లోకి, దారితీసింది. అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. పక్క ఆవరణల్లో చోటుంది. సొరంగం మూసి పక్కకు వెళ్లమని చెప్పడానికి అక్కడ మనిషి లేడు. ముందు వైపు హూలిగన్ల భయంతో కట్టిన ఇనుప కంచె ఉంది, దాటి పోలేరు. 97 మంది చనిపోయారు. అభిమానులే గేటు విరగ్గొట్టారని ఆ రోజే అబద్ధం పుట్టించారు. తప్పు అభిమానులది కాదని న్యాయ విచారణ జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది.

ఇక్కడ మీ పత్రికకు ఒక విన్నపం. ఇలాంటి వార్తలన్నింటికీ ‘తొక్కిసలాట’ అని శీర్షిక పెడుతున్నారు. హిల్స్‌బరోలో చనిపోయినవాళ్లలో దాదాపు అందరినీ ఎవరూ తొక్కలేదు. నిలబడిన చోటే ఛాతీ మీద ఒత్తిడి పెరిగి, ఊపిరితిత్తులు విచ్చుకునే చోటు లేక పోయారు. పది చదరపు మీటర్లలో 47 మందికి మించి నిలబెట్టవద్దని గ్రీన్ గైడ్ చెప్పేది అందుకే. వెనక ఉన్నవాడికి ముందు ఏమవుతోందో కనబడదు, అతను రెండడుగులు ముందుకు జరుగుతాడు, అంతే. ‘తొక్కిసలాట’ అనగానే చదివేవాడికి పశువుల మంద గుర్తొస్తుంది, తప్పు జనం మీదికి పోతుంది.

2022 మే 28న పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ నాడూ ఇదే పాట. నకిలీ టికెట్ల వల్లే ఆలస్యమని అధికారులు చెప్పారు. నిజానికి ఒక రైలు మార్గంలో సమ్మె వల్ల లివర్‌పూల్ అభిమానులు మరో స్టేషన్‌లో దిగి, రహదారి వంతెన దగ్గర ఇరుకు దారిలో పెట్టిన టికెట్ తనిఖీలో ఇరుక్కుపోయారు. ఆట అరగంటకు పైగా ఆలస్యమైంది. ప్రధాన బాధ్యత పోటీ నిర్వహించిన యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫాదేనని మరుసటి ఏడాది స్వతంత్ర నివేదిక చెప్పింది.

పోలీసుల తీరు మారితే ఏమవుతుందో పోర్చుగల్‌లో జరిగిన 2004 యూరో, అంటే యూరప్ దేశాల జట్ల పోటీ, చూపించింది. మ్యాచ్‌లు జరిగిన నగరాల్లో పోలీసులు హెల్మెట్లు, లాఠీలు కంటికి కనబడకుండా ఉంచి, జంటలుగా జనంలో తిరుగుతూ పలకరించారు. హద్దు మీరినవాడిని మాత్రమే పక్కకు లాగారు. అక్కడ ఇంగ్లండ్ అభిమానులతో పెద్ద గొడవ కాలేదు. మ్యాచ్‌లు లేని అల్బుఫైరా అనే బీచ్ పట్టణంలో మరో పోలీసు దళం పాత పద్ధతే పట్టుకుంది. గొడవలు అక్కడ జరిగాయి. అంతకు నాలుగేళ్ల ముందు యూరోలో, బెల్జియంలో, ఈ ఇంగ్లండ్ అభిమానులనే వందల సంఖ్యలో అరెస్టు చేసి వెనక్కి పంపాల్సి వచ్చింది.

జట్టు వెంట వెళ్లేవాళ్లూ కొన్ని పాటించాలి. గంట ముందే గేటు దగ్గర ఉండాలి. టికెట్ దొరకలేదని ప్రత్యర్థి స్టాండ్‌లో కూర్చుని గోల్ పడగానే ఎగిరి గంతేయకూడదు, స్టీవార్డులు (మైదానంలో జనాన్ని చూసుకునే సిబ్బంది) బయటికి పంపేస్తారు. మంట, పొగ చిమ్మే ఫ్లేర్లు తేవద్దు. వాటి మంట వెయ్యి డిగ్రీలు దాటుతుంది, నీళ్లు పోసినా ఆరదు, పొగలో పక్కవాడి పిల్ల ఎటు పోయిందో తెలియదు. ఆట అయ్యాక బయటి జట్టు స్టాండ్‌లోని వాళ్లను కాసేపు ఆపుతారని ముందే తెలుసుకుని, ఆ తర్వాతి రైలుకే టికెట్ తీసుకోవాలి. ఆపేవాళ్లు కూడా ఎంతసేపో మైకులో చెప్పాలి. ఏమీ చెప్పకుండా మెట్ల మీద నిలబెడితేనే నెట్టుకోవడం మొదలవుతుంది. మెట్ల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మందే దిగగలరు. 3,000 మందిని గ్రీన్ గైడ్ చెప్పే 8 నిమిషాల్లో ఖాళీ చేయాలంటే మొత్తం దాదాపు 6 మీటర్ల దారి తెరిచి ఉండాలి. రెండు చిన్న తలుపులు తెరిచి, తోసుకోవద్దని అరిస్తే లాభం లేదు.

ఈసారి ఏ మైదానంలోనైనా గొడవ జరిగితే, అభిమానులు ఏం తాగారో రాసే ముందు ఆ వైపు ఎన్ని టర్న్‌స్టైళ్లు పని చేశాయో, వాటిని ఎన్ని గంటలకు తెరిచారో మీ విలేకరి చేత అడిగించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు