చివరి బెంచీలో కూర్చున్నవారి గురించి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

సువార్త పనిలో వ్యాపారుల నుంచి నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అని మొన్నటి కూడికలో ఒకరు అడిగారు. ఉందని నా గట్టి నమ్మకం. నేను చెప్పేది ప్రచారం గురించి కాదు. మంచి వ్యాపారి సరుకు అమ్మాక కూడా మనిషిని మరచిపోడు. వారం తిరగకముందే ఫోను చేసి, ఎలా ఉందని అడుగుతాడు. మన దగ్గర కొత్తగా వచ్చినవారు చివరి బెంచీలో కూర్చుని, పాటల పుస్తకంలో ఏ పేజీ తీయాలో తెలియక పక్కవారి వైపు చూస్తారు. ఆశీర్వాదం కాగానే లేచి వెళ్లిపోతారు. పేరైనా అడిగేవారు ఉండరు. ఇది నన్ను చాలా బాధపెడుతోంది.

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు అనే క్రైస్తవ ఉద్యమాన్ని నడిపించిన బోధకుడు జాన్ వెస్లీ అనుచరులు మందిరం అప్పు తీర్చడానికి సుమారు 12 మందికి ఒక నాయకుణ్ణి పెట్టుకున్నారు. వారానికి ఒక పెన్నీ వసూలు చేయాలని ఇంటింటికీ తిరిగిన ఆ నాయకులకు ఆ ఇళ్లలోని కష్టాలు, తప్పటడుగులు తెలిసివచ్చాయి. డబ్బు లెక్క కోసం మొదలైన ఏర్పాటు కాపరి పనిగా మారింది. మెథడిస్టు ఉద్యమానికి ఈ చిన్న గుంపులే వెన్నెముక అయ్యాయి.

వ్యాపారం సువార్తకు పరాయిది కాదు; అపొస్తలుడైన పౌలు కూడా కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టినవాడే కదా!

అయితే విశ్వాసిని ఖాతాదారుగా చూడకూడదు. కృప అమ్మే వస్తువు కాదు, తలలు లెక్కపెట్టుకోవడం మన పని కాదు.

వచ్చే ఆదివారం నుంచి తలుపు దగ్గర ఇద్దరు నిలబడి కొత్తవారిని పలకరించాలి, బుధవారంలోగా వారికి ఫోను చేయాలి. చేయగలిగినవారు ఇక్కడే పేరు రాయండి.