వెనక్కి తిప్పి చూడండి: కేంద్ర జౌళి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది పోచంపల్లి దగ్గర ఊరు. మా అమ్మ ముప్పై ఏళ్లు ఆసు పోసింది. చిటికి కట్టి (రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టి) రంగులద్దే ముందు పేక నూలును, అంటే అడ్డం నూలును, అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. రెండు చీరలకు పోసిన రోజు రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా ఆమెకు చెయ్యి లేచేది కాదు.

1999లో చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేసి దానికి వాళ్లమ్మ లక్ష్మి గారి పేరు పెట్టారు. అదే పని గంటన్నరలో అయిపోతోంది. అమ్మ ఇప్పుడు దారం తెగితే ముడేస్తుంది, మధ్యలో పొయ్యి మీద కూర చూసొస్తుంది. నేతగాళ్లకు యంత్రమంటే పడదని ఎవరైనా చెబితే నమ్మకండి. తాడు లాగితే నాడె (అడ్డం నూలు మోసేది) పరుగెత్తే ఏర్పాటు 1733లో ఇంగ్లండ్‌లో జాన్ కే పేటెంట్ తీసుకున్నదే. మా పెద్దలు దాన్ని గుంట మగ్గానికి బిగించుకున్నారు.

సిరిసిల్ల సాంచాలతోనూ, అంటే మరమగ్గాలతోనూ, నాకు పేచీ లేదు. అక్కడ ఒక్క మనిషి నాలుగైదు సాంచాలు చూసుకుంటూ నెల తిరిగేసరికి మేం నేసే గుడ్డను తేలిగ్గా దాటేస్తాడు. అంత గుడ్డ దించినా ఆర్డర్లు లేని నెలలో అతనికీ పస్తే.

నా పేచీ వేరే. పోయిన దసరాకు పట్నంలో ఒక షాపులో ‘పోచంపల్లి’ అని బోర్డు పెట్టి చీర 900కు అమ్ముతున్నారు. వెనక్కి తిప్పి చూశాను. మేం రంగు నూలుకే వేస్తాం కాబట్టి మా చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది. దాని వెనక వెలిసిపోయి ఉంది. మరమగ్గం గుడ్డ మీద కొట్టిన ప్రింటు అది! అడిగితే, “నేసిందని మేం చెప్పామా?” అన్నారు.

1985 చేనేత రిజర్వేషన్ చట్టం కింద ఇప్పుడు 11 రకాల గుడ్డను చేనేతకే కేటాయించారు. కానీ అది నేత గురించిన చట్టం, ప్రింటు పక్కనుంచి జారిపోతోంది. 2005లో, ఇలా నూలుకే రంగులద్ది నేసే మా పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, చేనేత మార్కూ ఉంది. మాది అసలుదని మేమే ముద్ర చూపించుకుంటూ తిరగాలి. నకలుకు మాత్రం ఏ ముద్రా అక్కర్లేదు.

దీన్ని తిరగెయ్యండి. ఇక్కత్ డిజైన్ ప్రింటు కొట్టిన ప్రతి చీర అంచు మీదా ‘ఇది ప్రింటు’ అని అచ్చు వేయాలని రూలు పెట్టండి. కొనేవాళ్లు తెలిసే కొంటే మాకు అభ్యంతరం లేదు. ప్రింటు కొట్టే మిషనుకు ఆ రెండు ముక్కలు కొట్టడం ఎంతసేపు పని?

ఇట్లు,
ఒక చేనేత కార్మికుడు,
యాదాద్రి భువనగిరి జిల్లా