ఎగ్జిబిషన్‌కు ముందే పేటెంట్ దరఖాస్తు వేయించండి

సంపాదకులకు నమస్కారం.

మా అనంతపురం వైపు కాలేజీల్లో ప్రాజెక్టుల ఎగ్జిబిషన్ పెడితే ఫ్లోరైడ్ ఫిల్టర్ కనిపించడం మామూలే. మన బోరునీళ్లు అలాంటివి మరి. పిల్లలు చేసినవి పేపర్లో చూసి సంతోషిస్తాం. అయితే ఫిల్టర్‌లో ఏం పోశారో, ఎలా పనిచేస్తుందో దరఖాస్తుకు ముందే బయటపెట్టేస్తే పేటెంట్ దారి దాదాపు మూసుకుపోయినట్టే. కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలు, విద్వత్సభల్లో చదివిన పత్రాలు వంటి కొద్ది సందర్భాలకే చట్టం 12 నెలల మినహాయింపు ఇస్తుంది. కాలేజీ ఎగ్జిబిషన్ అందులోకి రాదు.

మన దేశంలో ఆలోచన ముందు ఎవరికి తట్టిందని చూడరు, దరఖాస్తు తేదీ చూస్తారు. అమెరికా కూడా 2013 మార్చి 16 నుంచి ఈ దారికే వచ్చింది. పద్ధతి పూర్తిగా తేలకపోయినా ప్రొవిజనల్ దరఖాస్తు వేసి తేదీ దక్కించుకోవచ్చు. పూర్తి వివరాలకు 12 నెలల గడువుంటుంది. ఆన్‌లైన్లో విద్యార్థులకైనా, కాలేజీకైనా ఫీజు 1,600 రూపాయలు. ఎగ్జిబిషన్ ఫ్లెక్సీలకు ఇంతకంటే ఎక్కువే ఖర్చు పెడతారు!

ఇదంతా కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మురుగునీటిని శుద్ధి చేసే యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిపై పేటెంట్లున్న సంస్థ అమెరికాలోని మిల్వాకీ నగరంపైనే దావా వేసి గెలిచింది. ప్లాంటు ఆపేస్తే మురుగంతా మిషిగన్ సరస్సులోకి పోతుందని 1934లో అప్పీలు కోర్టు ఆ పద్ధతి వాడొద్దన్న నిషేధం ఎత్తేసింది గానీ, నగరానికి నష్టపరిహారం భారం తప్పలేదు. రేపు మన మున్సిపాలిటీలకూ ఇలాంటి బెడద రావచ్చు.

పేటెంట్ వద్దు, ఊరందరికీ ఉపయోగపడితే చాలు అనేవాళ్లూ ఉన్నారు. నాకు వాళ్లంటేనే ఎక్కువ గౌరవం. కానీ వాళ్లు కూడా పద్ధతిని వివరంగా రాసి, తేదీతో ప్రచురించాలి. అప్పుడు తర్వాత వచ్చినవాడు అది తన కొత్త ఆవిష్కరణ అనలేడు. బురదనీళ్లు తేరుకోవడానికి చిల్లగింజ వాడటం సుశ్రుత సంహితలోనే ఉంది కాబట్టి దాని గురించి బెంగ లేదు. గాయాలకు పసుపు వాడకంపై అమెరికా 1995లో ఇచ్చిన పేటెంట్‌ను మన కేంద్ర పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ 1997లో రద్దు చేయించగలిగింది కూడా పాత గ్రంథాల ఆధారాలు చూపించే. రాయని పద్ధతికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తాం?

పేటెంట్ మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. మంజూరయ్యాక ఏడాదిలోపు, అదీ సంబంధం ఉన్నవాళ్లకే ఆ వీలు. ప్రచురితమైన దరఖాస్తులతో పేటెంట్ జర్నల్ ప్రతి శుక్రవారం ఇంటర్నెట్‌లో ఉచితంగా వస్తుంది. నీటిశుద్ధికి సంబంధించినవి అందులో ఏమున్నాయో చూసే పని ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ ఒక లెక్చరర్‌కు అప్పగించాలని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, కల్యాణదుర్గం, అనంతపురం జిల్లా