ఎదురుకాళ్ల పిల్లలకు తుంటి స్కాన్ సంగతి ముందే చెప్పండి

ఎడిటర్ గారికి,

మా పాప కడుపులో ఎదురుకాళ్లతో ఉందని ఆపరేషన్ చేసి తీశారు. నెలన్నరకు పిల్లల డాక్టరు కాళ్లు విప్పి చూసి, "తుంటి కీలు కాస్త వదులుగా ఉంది, స్కాన్ తీయించండి" అన్నారు. స్కాన్ వారం తర్వాత. ఆ వారం టెన్షన్ ఇంతా అంతా కాదు. డైపర్ మార్చినప్పుడల్లా తొడల ముడతలు లెక్కపెట్టేదాన్ని. రాత్రి మూడింటికి ఫోన్లో తుంటి ఆపరేషన్ల ఫొటోలు చూసి ఏడ్చేదాన్ని. చివరికి మా ఆయన ఫోన్ లాక్కుని, డాక్టర్ని అడగాల్సినవన్నీ కాగితం మీద రాయమన్నారు. పదకొండు ప్రశ్నలు తేలాయి. అవి రాశాకే నిద్ర పట్టింది.

మా అత్తయ్యేమో కాళ్లు తిన్నగా రావాలని పాపను పాత పంచెలో బిగించి చుట్టేవారు. కాళ్లు మడిచి, ఎడంగా ఉండనివ్వాలని డాక్టరు చెప్పాక మానేశారు. చంకనెత్తుకోవడం మంచిదేనట. ఆవిడ ఆ ఒక్క ముక్కే వీధంతా చెప్పుకొచ్చారు!

స్కాన్‌లో లోపం తేలింది. కాళ్లను మడిచి ఎడంగా పట్టి ఉంచే పట్టీలు, పావ్లిక్ హార్నెస్ అంటారు, అవి వేసి ఇది ఐదో వారం. స్నానం లేదు, తడిగుడ్డతో తుడవడమే.

పిల్లల్లో లోపాలను ముందే గుర్తించడానికి 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ తుంటి లోపం కూడా ఉంది. ఎదురుకాళ్ల పిల్లల్లో ఇది ఎక్కువట. మరి ఎదురుకాళ్ల బిడ్డల తల్లులకు డిశ్చార్జి కాగితం మీదే "ఆరు వారాలకు తుంటి స్కాన్" అని రాసివ్వొచ్చు కదా? మాకెవరూ చెప్పలేదు.

— ఓ తల్లి, తెనాలి