5 మిల్లీమీటర్ల సూట్ ఈ సీజన్‌కు రాదు, కారణం ఇదీ

అసలు విషయం ముందే చెప్పేస్తాను. మీలో చాలామంది ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్న 5 మిల్లీమీటర్ల మందం ఫ్రీడైవింగ్ వెట్‌సూట్, అంటే ఊపిరి బిగబట్టి లోతుకు దిగేవాళ్లు చలి ఆగడానికి వేసుకునే రబ్బరు సూట్, ఈ సీజన్‌కు రాదు. షీట్లు వచ్చాయి, కొన్ని సూట్లు కుట్టడం కూడా అయిపోయింది. అయినా వాటిని పంపకూడదని నిర్ణయించాను. డబ్బు కట్టినవాళ్లు అడిగితే మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం. ఆగుతామంటే మీ వరుస పోదు, మీరు కట్టిన ధర పెరగదు. మాస్కులు, ఫిన్స్, వెయిట్ బెల్టులు (మునగడానికి నడుముకు కట్టుకునే బరువుల బెల్టులు) ఎప్పటిలాగే దొరుకుతాయి.

మేం మొదటి నుంచీ నియోప్రీన్ షీట్లు, అంటే సూట్లు కుట్టే రబ్బరు షీట్లు, ఒకే సప్లయర్ దగ్గర తీసుకుంటున్నాం. ఈసారి వచ్చిన బ్యాచ్ చేతికి చాలా మెత్తగా తగిలింది. బాగా సాగుతోంది. మా దగ్గర కుట్టేవాళ్లు కూడా తొడుక్కోవడం తేలికవుతుందని సంతోషించారు. మందం కొలిస్తే సరిగ్గా 5 మిల్లీమీటర్లే. గట్టు మీద ఎంత వెతికినా లోపం కనబడదు.

నీళ్లలోకి దిగాక సంగతి తెలిసింది. ఆ సూట్ వేసుకుంటే మునగడానికే మామూలుకన్నా ఎక్కువ బరువు కట్టుకోవాల్సి వచ్చింది. కిందికి వెళ్లేకొద్దీ ఒంటి మీద పల్చటి బనీను తప్ప ఏమీ లేనట్టు నడుముకు చలి పట్టింది. తిరిగి పైకి రావడానికి కాళ్లు మరీ గట్టిగా ఆడించాల్సి వచ్చింది.

నియోప్రీన్ అంటే రబ్బరు నిండా చిన్న చిన్న గ్యాస్ బుడగలు. నీరు ఒంటి వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. దాన్ని అడ్డుకునేది ప్రధానంగా ఆ బుడగలే. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు, 30 మీటర్ల దగ్గర నాలుగింతలు. స్వేచ్ఛగా ఉన్న గ్యాస్ అయితే అక్కడ నాలుగో వంతుకు కుంచించుకుపోతుంది. బుడగల మధ్య రబ్బరు గోడలు దళసరిగా ఉంటే ఆ నలుగుడును కొంత ఆపుతాయి. ఈ బ్యాచ్‌లో రబ్బరు తగ్గింది, గ్యాస్ పెరిగింది. ఆ మెత్తదనమంతా అక్కడి నుంచి వచ్చిందే.

చలి ఒక్కటే అయితే ఇంత పట్టుబట్టేవాణ్ని కాదేమో. గ్యాస్ ఎక్కువున్న సూట్ పైన ఎక్కువ తేలుతుంది కాబట్టి బెల్టుకు ఇంకో బరువు తగిలిస్తాం. లోతుకు వెళ్లాక సూట్ నలిగిపోయి ఆ తేలిక పోతుంది, బరువు మాత్రం నడుముకే ఉంటుంది. ఊపిరి బిగబట్టిన మనిషి ఆక్సిజన్ తగ్గుతున్న వేళ ఆ అదనపు బరువును మోసుకుంటూ పైకి రావాలి. నా సూట్ వల్ల ఎవరికీ ఆ పరిస్థితి రాకూడదు.

సప్లయర్‌కు చెబితే, "మందం మీరు అడిగినంతే ఉంది కదా" అన్నారు. పాత షీటు ముక్కల్నీ కొత్తవాటినీ ఒకే తాడుకు కట్టి లోతులో వదిలి, పైకి తీశాక కొలిచాం. పాతవి దాదాపు మునుపటి మందానికి వచ్చేశాయి, కొత్తవి రాలేదు. ఆ కొలతలు, ఫొటోలు అన్నీ పంపాను. "ఇప్పుడు అందరూ మెత్తనివే అడుగుతున్నారు" అని జవాబొచ్చింది. మిశ్రమం మార్చే ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. ఇన్నేళ్లు వాళ్ల సరుకు మీద నా పేరు వేసి అమ్మాను. ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ఇక వాళ్లతో పని చేయను. తగ్గించి ఇస్తామన్నారు, వద్దన్నాను.

వీటిని స్విమ్మింగ్ పూల్ సూట్లుగా లేబుల్ వేసి అమ్మెయ్యమని నా మేలు కోరేవాళ్లే సలహా ఇచ్చారు. తప్పు సలహా కాదు. పూల్‌లో ఈ సూట్ నిజంగా హాయిగా ఉంటుంది, షీట్లలో ఇరుక్కున్న డబ్బూ తక్కువేం కాదు. దీని గురించి నిద్ర పట్టని రాత్రులున్నాయి. కుట్టిన సూట్లను బల్ల మీద పరిచి చూసుకుంటే నాకే ముచ్చటేసేది. కానీ సూట్ లేబుల్ చెప్పిన చోటే ఉండిపోదు. స్నేహితుడు అడిగి తీసుకెళ్తాడు, సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారుతుంది, సెలవుల్లో సముద్రానికి వెళ్లేవాళ్లు బ్యాగులో పెట్టుకుంటారు. అందుకే ఒక్కటి కూడా బయటికి పోనివ్వను. నష్టం నేను భరిస్తాను. మొండితనం అంటే అనండి.

కొత్త సప్లయర్ షీట్లు గట్టిగా ఉన్నాయి. ఛాతీకి, వీపుకు వాటినే వాడి, చంకల దగ్గర 3 మిల్లీమీటర్ల షీటు వేసి కొత్త నమూనా కత్తిరిస్తున్నాను. తొడుక్కోవడం పాతదానికన్నా కష్టమే, ముందే చెబుతున్నాను. తాడు పరీక్షలో నిలిచాకే కుట్టుకు వెళ్తుంది. అంతవరకూ తేదీ అడగకండి, చెప్పలేను.

ఇంతకుముందు మీరు కొన్నవన్నీ పాత షీట్లతో కుట్టినవే, టెన్షన్ అక్కర్లేదు. అయితే ఏ నియోప్రీనైనా వాడగా వాడగా పల్చబడుతుంది. సూట్ పాతబడినా, కొత్తది వేసుకున్నా బెల్టు బరువు మళ్లీ సరిచూసుకోండి. 10 మీటర్ల దగ్గర తేలకుండా, మునగకుండా ఉండేలా చాలామంది చూసుకుంటారు. అంతకన్నా పైనే మునిగిపోతుంటే బరువు కొంత తీసెయ్యండి.

రీఫండ్ కావాలో, ఆగుతారో ఒక్క మాట రాయండి. ఆగేవాళ్లలో ఒళ్లు మారినవాళ్లుంటే కొత్త కొలతలు కూడా పంపండి, మీ సూట్ల కత్తిరింపు ఇంకా మొదలవలేదు.